తెనాలిలో దిగి ఫోన్ చేస్తానన్న మేడం

గురువారం మధ్యాహ్నం మా మేడం పోయారు. ఆ సంగతి నాకు ఆవిడ ఫోన్‌లోనే తెలిసింది. రేపల్లె కాలేజీ ల్యాబ్‌లో ఒక కంప్యూటర్ బాగుపడిందని చెబుదామని నేనే చేశాను. ఎవరో మగమనిషి ఎత్తాడు.

"ఈ ఫోను గలావిడ మీకేమవుతారమ్మా?"

"మా మేడం అండి. మీరెవరండి?"

"తెనాలి స్టేషన్లో టీ అమ్ముతానమ్మా. బెంచీ మీద కూర్చుని అలాగే ఒరిగిపోయారు. ఆసుపత్రికి తీసుకొచ్చాం. ప్రాణం లేదంటున్నారు. ఇంట్లోవాళ్ళకి చెప్పండమ్మా."

"సరేనండి" అన్నాను. అంత మాట విని సరేనండి అని ఎలా అనగలిగానో నాకు తెలియదు. గంట క్రితమే ఆవిడ రైల్లోంచి నాతో నవ్వుతూ మాట్లాడారు.

మీలో ఎవరైనా ఆ ల్యాబ్‌లో చదువుకుని ఉంటే మేడం మీకు గుర్తుండే ఉంటారు. హ్యాండ్‌బ్యాగులో రంగులు వేసే చిన్న బ్రష్షు పెట్టుకుని, మాట్లాడుతూనే ఎవరి కీబోర్డు కనిపిస్తే దాని దుమ్ము దులిపేవారు. ప్రాక్టికల్స్ రోజున వేటపాలెం జీడిపప్పు తెచ్చి పిల్లల చేతుల్లో పోసేవారు. ఎప్పుడూ విరిగిన పలుకులే. "పలుకైనా రుచి అదేనే" అనేవారు. నాకు కంప్యూటర్ నేర్పింది ఆవిడే. తర్వాత అదే ల్యాబ్‌లో ఉద్యోగమిప్పించి పక్క కుర్చీ ఇచ్చిందీ ఆవిడే. నిరుడు రిటైరై బాపట్ల వెళ్ళిపోయినా, ఏ చిక్కొచ్చినా నేను ఆవిడకే ఫోన్ చేసేదాన్ని.

ఆ రోజు వచ్చిన చిక్కు పెద్దదే. మర్నాడు మా ల్యాబ్‌లో ఆడపిల్లలకు ఆన్‌లైన్ ప్రవేశ పరీక్ష. కొత్త మిషన్లలో ఒకదాన్ని పూర్తిగా సిద్ధం చేసి, దాని ఇమేజ్, అంటే మొత్తానికి నకలు, తీసి మిగతావాటిలోకి ఎక్కించాం. అంతే, అన్నింట్లోనూ యాంటీవైరస్ మొరాయించింది. తెరవబోతే అనుమతి లేదంది, తీసేయబోయినా అనుమతి లేదంది. అది నడవకపోతే పేపర్ తెరవబోమని పరీక్ష పెట్టేవాళ్ళు ఖరాఖండిగా చెప్పారు. యాంటీవైరస్ ఉన్న ఫోల్డర్‌ మీద అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేస్తానని రైల్లో ఉన్న మేడంతో అన్నాను.

"అందరికీ తెరిచిపెట్టాక ఇంక కాపలా ఎందుకే పిచ్చిదానా? యాంటీవైరస్ ఇమేజ్‌కి ముందే వేశారా?"

"అమ్మినవాళ్ళే వేసి పంపారండి."

"అదీ సంగతి. మొదటి మిషన్ గుర్తుతో దానికి తాళం పడింది. ఇప్పుడు దాని ఇంట్లోకి అదే వెళ్ళలేకపోతోంది. సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఆ కంపెనీ ఇచ్చే టూల్‌తో మొత్తం తుడిచెయ్యి. రీస్టార్ట్ చేసి కొత్తగా వెయ్యి. ముందు ఒక్కదాంట్లోనే. ఉప్పు చూడకుండా పెళ్ళివాళ్ళకి వడ్డిస్తామా? నేను తెనాలిలో దిగి ఫోన్ చేస్తా. రేపల్లె బండెక్కి వచ్చేస్తున్నా."

రమ్మని నేను అడగలేదు. తనే బయల్దేరారు. ఫోన్ ఆలస్యమైతే విసుక్కున్నాను కూడా.

ఆవిడ భర్తకు కబురు చెప్పాక, తెనాలి వెళ్ళిపోదామని బ్యాగు తగిలించుకుని గుమ్మం దాకా వచ్చాను. వెనక మిగతా మిషన్లన్నీ ఎర్రగుర్తుతో అలాగే ఉన్నాయి. ఏం చెయ్యాలో విన్నది నేనొక్కదాన్నే. ఏటి లంకల్లోని ఊళ్ళ నుంచి పిల్లలు తెల్లారేసరికి బయల్దేరతారు. బ్యాగు దించి రెండో మిషన్ ముందు కూర్చున్నాను. ఏడుపు రాలేదు. దానికే నాకు భయం వేసింది.

బాపట్లలో ఖననం మర్నాడు మధ్యాహ్నమేనన్నారు. పరీక్ష ముగిసేదీ అప్పుడే. ఇక ఆవిడ ముఖం చూడలేననే అనుకున్నాను. పరీక్ష గదిలో పిల్లల మధ్య తిరుగుతున్నా నా చూపంతా గడియారం మీదే. చివరి అమ్మాయి లేవగానే పరుగున ఆటో ఎక్కాను.

బస్సు మారి నేను బాపట్ల చేరేసరికి పొద్దు వాలుతోంది. సందులో జనం ఇంకా నిలబడే ఉన్నారు. పాస్టర్ గారు బైబిలు మూసి అరుగు మీద కూర్చున్నారు. పెట్టె తెరిచే ఉంది. పక్కన కుర్చీలో ఉన్న మేడం భర్త నన్ను చూసి లేచారు.

"పిల్లలందరూ రాశారామ్మా?"

"రాశారండి. ఒక్క మిషనూ ఆగలేదు."

ఆయన పెట్టె మీదికి వంగి, "అందరూ రాశారంట" అని ఆవిడతో చెప్పారు. తర్వాత మూత తెమ్మన్నారు.