పారిపోయిన ఆరు గుర్రాలు

సోమేశ్వరరావు గారికి తాను స్వయంగా కొలిచిన అంకె మీద తప్ప ఈ భూప్రపంచంలో మరే అంకె మీదా నమ్మకం లేదు. పాలవాడు లీటరంటే నమ్మరు. నిన్న ఎండ నలభై రెండు డిగ్రీలని పేపర్లో వేస్తే, ఎక్కడ నిలబడి కొలిచారో రాయలేదని విసుక్కుంటారు. ఆఖరికి సొంత పుట్టినరోజుకు కూడా వాళ్లమ్మ మాట తప్ప వేరే ఆధారం లేదు కనుక, ఎవరైనా వయసడిగితే "మా అమ్మ చెప్పినదాన్ని బట్టి యాభై మూడండి" అనేవారు.

రసజ్ఞకు ఆయన సొంత మేనమామ. కాకినాడలో చదువు ముగించి, మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల భవనంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికి, ఆ పిల్ల మూసాపేటలో మావయ్య ఇంట్లో దిగింది. గుమ్మంలో అడుగుపెడుతూనే, పెట్టె పాతిక కిలోలుందని, మోయలేక చచ్చానని అంది. ఆయన లోపలికి వెళ్లి స్ప్రింగు త్రాసు తెచ్చి, పెట్టెను తగిలించి, ముల్లు కదలకుండా ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూశారు. పదహారున్నర. "బడలికలో ఎక్కువనిపిస్తుందిలే అమ్మా" అని ఓదార్చారు. అత్తయ్య నాగేశ్వరి మంచినీళ్లు అందిస్తూ, "అలవాటు చేసుకో తల్లీ, నేను చేసుకోలేదూ" అంది.

ఇదంతా వృత్తి నుంచి అంటుకున్న జబ్బని అత్తయ్య వాదన. బాలానగర్‌లో ప్రభుత్వం వారి ట్రాక్టర్ పరీక్షా కేంద్రం ఒకటి ఉండేది. ఏ కంపెనీ అయినా కొత్త మోడల్ ట్రాక్టర్‌ను రాష్ట్రంలో అమ్మాలంటే ముందు అక్కడికి తెచ్చి, దాని ఇంజను ఎన్ని గుర్రాల బలమో చెప్పి, ఆ చెప్పింది నిజమని తేల్చుకోవాలి. తేల్చేవారు సోమేశ్వరరావు గారు. ఇంజను దగ్గర పుట్టిన బలం గేర్ల మధ్య కొంత, చక్రాల కింద కొంత పోగా, నాగలి తగిలించే కొక్కెం దగ్గరికి చేరేది ఎప్పుడూ తక్కువే. ఆ తరుగును ఆయన క్షమించేవారు. ఇంజను దగ్గరే లేని బలాన్ని బండి ముందుండే రేకు మీద చెక్కి బిగిస్తే మాత్రం, సొంత ఇంట్లో దొంగను పట్టుకున్నంత బాధపడేవారు.

ఆ కొక్కెం ఆఫీసు దాటాక కూడా ఆయనను వదిలేది కాదు. ఒకసారి రసజ్ఞ సరదాపడి మావయ్యను తన ఆఫీసు చూపించడానికి తీసుకెళ్లింది. తన బల్ల మీది కంప్యూటరును చూపించి, దీని వేగం నాలుగు వందల మెగాహెర్ట్జ్ అని, ఆ రోజుల్లో అదే గొప్ప కనుక, గర్వంగా చెప్పింది.

"అది ఇంజను దగ్గర కదమ్మా. కొక్కెం దగ్గర ఎంత?"

రసజ్ఞ ఒక ఫైలు తెరిచి చూపించబోయింది. ఇసుక గడియారం బొమ్మ తెర మీద తిరుగుతూనే ఉంది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, ఏ విమర్శా చేయకుండా, అది తెరుచుకునేదాకా మర్యాదగా నిలబడ్డారు. ఆ రోజు నుంచి ఆ అంతస్తులో కంప్యూటరు మొరాయించినప్పుడల్లా కుర్రాళ్లు "కొక్కెం దగ్గర తక్కువుంది" అనడం మొదలుపెట్టారు.

పక్కింటి అమ్మాయి పెళ్లిచూపులప్పుడైతే మరీ. పెళ్లికొడుకు తండ్రి మావాడు ఆరడుగులని చెప్పాడు. పెద్దమనిషిగా పిలిచారు కదా అని సోమేశ్వరరావు గారు తన బాధ్యత గుర్తుచేసుకుని, జేబులోంచి టేపు తీశారు. కుర్రాడు బుద్ధిగా లేచి ద్వారబంధానికి ఆనుకుని నిలబడ్డాడు. అయిదడుగుల ఎనిమిదంగుళాలు, అదీ జుట్టుతో కలిపి. పెళ్లివారు మొహాలు ముడుచుకున్నారు, నాగేశ్వరి వంటింట్లోకి పారిపోయింది. తీరా పెళ్లికూతురు ఆ సంబంధమే కావాలని పట్టుబట్టింది. అంతమందిలో నవ్వుతూ కొలిపించుకున్నవాడు ఏదైనా భరిస్తాడని ఆ అమ్మాయి లెక్క.

ఇలాంటి మనిషిని నమ్ముకుని రసజ్ఞ ఒక మాట ఇచ్చేసింది. అక్కడ మొదలైంది చిక్కు.

వాళ్ల ఆఫీసులో కంప్యూటర్లకు తీగలు కలిపే కుర్రాడు ఆకాష్‌ది బోరబండ. తండ్రి ఐలయ్య జీవితమంతా ఒకరి ట్రాక్టర్ మీద జీతానికి డ్రైవరుగా పనిచేశాడు. కొడుకు అందుకు ప్రాయశ్చిత్తంగా ఉద్యోగం మానేసి, కొండాపూర్ రోడ్డులో షెడ్డు వేసి, ఒక కొత్త కంపెనీ ట్రాక్టర్లకు డీలరయ్యాడు. చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు రైతులు కొంటారని అతని ఆశ. బండి పేరు గజరాజు, బలం ముప్పై అయిదు గుర్రాలు. ఇక బాలానగర్ పరీక్ష ఒక్కటే మిగిలింది. ఈ సంగతి తెలియగానే రసజ్ఞ, అక్కడున్నది మా మావయ్యే, ఫికరు పెట్టుకోవద్దని అభయమిచ్చింది. ఆకాష్ ఆ మాట ఇంట్లో చెప్పాడు. ఐలయ్య చుట్టాలందరికీ చెప్పాడు.

గజరాజు పరీక్షకు నిలబడింది. వచ్చింది ఇరవై తొమ్మిది.

సోమేశ్వరరావు గారు ఆ సాయంత్రం అన్నం సరిగా తినలేదు. "ఆరు గుర్రాలు, నాగేశ్వరీ. ఎక్కడికి పోతాయి?" అని కంచంలో వెతుక్కున్నారు. మర్నాడు గాలి వడపోత జల్లెడ కడిగించి మళ్లీ కొలిచారు. డీజిలు మార్పించి కొలిచారు. ఎండ తగ్గాక కొలిచారు. కేంద్రంలో ట్రాక్టర్ నడిపే ఓబులేసును పక్కన కూర్చోబెట్టుకుని ఇంజను చప్పుడును రోగి గుండె విన్నట్టు విన్నారు. ఇరవై తొమ్మిది ఇరవై తొమ్మిదిలాగే ఉండిపోయింది. బండి ఫెయిలయిందని రాసేశారు.

రసజ్ఞ అగ్గిమీద గుగ్గిలమైంది. ఆరంటే ఎంత, ఎవరు చూడొచ్చారు, కంపెనీవాళ్లు రాసుకున్నదే రాస్తే మీ చెయ్యి విరుగుతుందా అని నిలదీసింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ చెప్పారు.

"ముప్పై అయిదని నమ్మి రైతు దానికి పెద్ద నాగలి తగిలిస్తాడమ్మా. అది లాగలేదు. అప్పుడు వాడు ఆకాష్ షెడ్డు ముందుకే కదా వస్తాడు, నా దగ్గరికి రాడు కదా."

ఆ మాట రసజ్ఞ చెవికెక్కలేదు. ఆకాష్ ముఖమే ఆమె కళ్లముందుంది. ఫలితం వినగానే అతను గొడవ పడలేదు. "పోనీ అక్కా. నువ్వేం జేస్తవ్, లేని బలం నువ్వైతే తేలేవు గదా" అని, షెడ్డు షట్టరు దించుకున్నాడు. ఐలయ్య చుట్టాల పెళ్లిళ్లకు పోవడం మానేశాడు. రసజ్ఞ మావయ్యతో మాటలు తగ్గించేసింది. కూర కావాలంటే అత్తయ్య ద్వారా అడిగేది.

ఇంతలో సోమేశ్వరరావు గారు సెలవు పెట్టి, పుణేలో స్నేహితుడి కూతురి పెళ్లని చెప్పి రైలెక్కారు. తిరిగొచ్చిన మనిషి చేతిలో తాంబూలం సంచీ లేదు, లడ్డూ లేదు, జాకెట్టు ముక్క లేదు. పెళ్లికూతురు ఎలా ఉందని నాగేశ్వరి అడిగితే, "బలంగా ఉంది" అన్నారు. ఆవిడకు అనుమానం వచ్చింది కానీ, యాభై దాటాక ఈయన చేయగల తప్పుపని ఏదీ తట్టక ఊరుకుంది.

కొన్ని వారాలకు ఆకాష్ నుంచి ఫోను. షెడ్డుకు రమ్మన్నాడు, సారునూ అత్తయ్యనూ కూడా తీసుకురమ్మన్నాడు. ఆదివారం ముగ్గురూ ఆటోలో వెళ్లేసరికి షట్టరు ఎత్తి ఉంది. గజరాజుకు బంతిపూల దండ వేసి ఉంది. దాని ముక్కు మీది రేకు కొత్తది. ముప్పై అయిదు పోయి ఇరవై తొమ్మిది వచ్చింది. చేవెళ్ల నుంచి వచ్చిన రైతులు చుట్టూ తిరిగి చూస్తున్నారు.

కంపెనీ మేనేజరు విశ్వేశ్వరరావు ఎదురొచ్చి సోమేశ్వరరావు గారికి దణ్ణం పెట్టాడు. ఆయన కంగారుపడి, ముందు మీరెవరో తెలియదన్నట్టు చూసి, తర్వాత నేల చూపులు చూశారు. మేనేజరు దాచలేదు. ఈయన సొంత ఖర్చుతో పుణే ఫ్యాక్టరీకి వచ్చారట. గేటువాళ్లు లోపలికి రానివ్వకపోతే బయటే కూర్చున్నారట. కంపెనీ టీ తాగితే మాట పడాల్సి వస్తుందని ఫ్లాస్కులో ఇంటి టీ తెచ్చుకున్నారట. చివరికి కంపెనీ పెద్దాయన పిలిపించి, మా బండిని ఫెయిల్ చేసి మళ్లీ ఎందుకొచ్చావని అడిగాడట.

"అప్పుడు ఈయనన్న మాట మా ఆఫీసులో అందరికీ కంఠతా వచ్చిందండి," అన్నాడు విశ్వేశ్వరరావు. "ముప్పై అయిదని రాసుకుంటే ఆ వరసలో మీది అందరికంటే బలహీనమైన బండి. ఇరవై తొమ్మిదని రాసుకుంటే ముప్పై లోపు వాటిలో అందరికంటే బలమైన బండి. మీ బండి మంచిదేనండి, రేకే తప్పు, అన్నారు."

పైగా ముప్పై లోపు బండ్లకైతే చిన్నరైతుకు సర్కారు సబ్సిడీ కూడా వస్తుందని ఆయనే గుర్తుచేశారట. కంపెనీ రేకు మార్చి, బండిని మళ్లీ పరీక్షకు పంపింది. ఈసారి చెప్పిందీ వచ్చిందీ ఒకటే. పాసయింది.

రసజ్ఞ మావయ్య వైపు తిరిగింది. ఇంట్లోనే ఉండి, ఇన్ని వారాలు తన మూతి విరుపులు చూస్తూ, ఒక్క మాటైనా ఎందుకు చెప్పలేదని మావయ్యను అడిగింది.

"వాళ్లు ఒప్పుకుంటారో లేదో నాకేం తెలుసమ్మా? నీకు చెబితే నువ్వు ఆ పిల్లవాడికి చెప్పేదానివి. తీరా కాకపోతే వాడు రెండోసారి షట్టరు దించుకోవాలి." ఆయన గజరాజు వైపు చూస్తూ, "నువ్వు నాతో మాట్లాడకపోతే నాకు నష్టమేగానీ, వాడికి కాదు కదా" అన్నారు.

నాగేశ్వరి మాత్రం, "అయితే పుణేలో పెళ్లి లేదన్నమాట" అని పెద్దగా నిట్టూర్చి, ఆయన చొక్కా కాలరు సరిచేసింది.

ఐలయ్య వచ్చి సోమేశ్వరరావు గారి చెయ్యి పట్టుకున్నాడు. మొదటి బండిని సారుగారే నడిపి షెడ్డు దాటించాలన్నాడు. ఆయన వెనక్కి జరిగారు. ఇన్నేళ్లుగా ఎన్నో ట్రాక్టర్లను పాస్ చేసి, ఫెయిల్ చేసిన మనిషి, చెవుల దాకా ఎర్రబడి, తనకు ట్రాక్టర్ నడపడం రాదని ఒప్పుకున్నారు. ఎప్పుడూ ఓబులేసే నడిపేవాడు, తాను పక్కన నిలబడి కొలిచేవారు.

ఐలయ్యకు నవ్వాగలేదు. "గదేంది సారూ. ఎక్కు, నేన్ నేర్పిస్త. జర క్లచ్చి మీద కాలు పెట్టు."

బండి ఎగిరి ఎగిరి షెడ్డు దాటింది. రైతులు పక్కకు తప్పుకున్నారు. ఐలయ్య ఒక మడ్‌గార్డు మీద, నాగేశ్వరి రెండో మడ్‌గార్డు మీద కూర్చున్నారు. రసజ్ఞ, ఆకాష్ పక్కనే నడుస్తూ వస్తుంటే వాళ్లను దాటే వేగం కూడా బండికి లేదు. సోమేశ్వరరావు గారు స్టీరింగును రెండు చేతులా పట్టుకుని, కళ్లు మెరిసిపోతుండగా, జీవితంలో మొదటిసారి ఏ అంకె వైపూ చూడకుండా కొండాపూర్ రోడ్డెక్కారు.

"నాగేశ్వరీ, ఎంత స్పీడులో పోతున్నామంటావు?"

"చాలా స్పీడుగా పోతున్నామండీ," అంది ఆవిడ, చీర కొంగు తల మీదికి లాక్కుంటూ.

ఆయన నమ్మేశారు.