అక్క చిక్కిన నెల

నాకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. పాలు పోసేవాడు నవ్వుతూ పలకరిస్తే, ఇవాళ నీళ్లు ఎక్కువ కలిపాడేమో అనుకుంటాను. అలాంటి నేను ఆ ఎండాకాలం సెలవుల్లో అక్కవాళ్లింటికి వెళ్లేసరికి, వంటింట్లో ఉప్పు జాడీ పక్కన ఒక పొడి డబ్బా కనిపించింది. దాని మీద నడుమే లేని ఒక దొరసాని బొమ్మ. మా ఊళ్లలో సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మోగుతున్నాయి. ఇలాంటి డబ్బాలూ అప్పుడే దిగాయి.

మాది తల్లాడ దగ్గర. బావ భద్రాచలం వైపు అడవి అంచున కొట్టు పెట్టి, గూడేలవాళ్లు తెచ్చే చింతపండు, ఇప్పపువ్వు కొనేవాడు. అంతకు నెల ముందే అక్కకు షుగరని తేలింది. డెబ్బై ఎనిమిది కిలోలుందని ఖమ్మం దవాఖానాలో చెప్పి, గోలీలు రాసి, అన్నం సగం చేసి పొద్దున్నే నడవమన్నారట. అన్నం తగ్గించమన్న డాక్టరు అక్కకు శత్రువయ్యాడు. పొడి తాగితే చాలు, ఐదు కిలోలు తగ్గాక గోలీలతో పనే లేదన్న, ఆ డబ్బాలు అమ్మే ఆవిడ తోబుట్టువైంది.

"ఆరు కిలోలు చిక్కిన చూడవే! రేపటి సంది గోలీలు బంద్," అంది అక్క, గుమ్మంలోనే.

మా వైపు చిక్కడమంటే జాలిపడే మాట. 'ఏందే గిట్ల చిక్కినవ్, పానం బాగలేదా?' అని అడుగుతారు. అక్క దాన్ని బహుమతిలా చెప్పుకుంటుంటే నాకు భయమేసింది. షుగర్ ముదిరినా మనిషి చిక్కుతుంది కదా! కానీ అక్క పొడి తాగిన గంటకే పప్పన్నంలో నెయ్యి పోసుకుంటోంది. జాకెట్టు హుక్కులు ఎప్పటిలాగే బిగుసుకుని ఉన్నాయి.

"తూకం ఎక్కడ చూసుకున్నవ్?" అన్నాను.

"ఎక్కడేంది, మన కొట్టు కాంటా మీదనే."

కొట్టు ముందు అరుగు మీద, చింతపండు తట్ట పక్కన కూర్చున్న గూడెపామె మా మాటలు విని నవ్వింది.

"మా చింతపండు గూడ గంతేనమ్మా. ఇంటికాడ మంచిగనే ఉంటది. ఈ కాంటా ఎక్కంగనే చిక్కిపోతది."

ఆమె కోపంగా కూడా అనలేదు. లోపలి నుంచి బావ మాత్రం, "కాంటా దొంగదని ఎవరన్నరు?" అంటూ బయటికొచ్చాడు. ఎవరూ అనలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆయన వరస.

అక్క నా వైపు చూసింది. ఇద్దరం కలిసి మూతి విప్పని ఇరవై ఐదు కిలోల బియ్యం బస్తాను కాంటా మీదికెక్కించాం. ఇరవై మూడు దగ్గర ఆగింది.

అక్క లోపలికి వెళ్లి, గోలీ వేసుకుని, నీళ్లు తాగి వచ్చింది. నాకు సగం ప్రాణం కుదుటపడింది. తర్వాత బావతో, "ఆమెకు మళ్ల తూయి," అంది.

"ఇందాకనే తూసిన గద."

"నాకు తూసినట్టు తూయకు."

బావ తల వంచుకుని కాంటా కింద ఏదో సరిచేసి, మళ్లీ తూచాడు. తట్ట బరువు పెరిగింది. గూడెపామె లేచి, కొంగు దులుపుకుని, మెల్లగా అడిగింది.

"ఇయ్యాల్టిది సరే అమ్మా. మరి గిన్నేండ్లది?"

పొడిని అనుమానించాను, డబ్బాలావిడను అనుమానించాను, ఆఖరికి తోడబుట్టిన అక్కనూ అనుమానించాను. అప్పటికి కొన్నేళ్ల ముందు అక్క దగ్గరే ఉండి చదువుకుని టీచరునయ్యాను. ఆ చదువుకు ఫీజు కట్టింది ఈ కొట్టే. ఆ కాంటాను మాత్రం నేను ఒక్కనాడూ అనుమానించలేదు.