మూడో దూలం

మొన్న మంగళవారం ఆళ్లగడ్డ బస్టాండులో నంద్యాల బస్సు ఆగగానే, దాని కండక్టరు మెట్టు దిగకుండానే నాతో చెప్పాడు. మేమిద్దరం ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్లం. "లెక్కల సారు పోయినాడప్పా. రేపు పొద్దున నంద్యాల చర్చిలో ప్రార్థన." విజిల్ వేసి వెళ్లిపోయాడు. నేను కూరగాయల సంచీతో అక్కడే నిలబడిపోయాను.

ఎనభైల్లో మాకు తొమ్మిదో తరగతి లెక్కలు చెప్పింది ఆయనే. రోజూ నంద్యాల నుంచి మొదటి బస్సుకు వచ్చేవారు. చొక్కా జేబులో సుద్దముక్కలు, పొట్లంలో వేయించిన శనక్కాయలు. లెక్క తప్పితే బెత్తం, ఒప్పయితే ఒక శనక్కాయ. ఒకటంటే ఒకటే, ఆ విషయంలో మహా పిసినారి. "పుస్తకం చెప్పిందని నమ్మొద్దండ్రా, కొలిచి నమ్మండి" అనేవారు.

మా గది పాత మిద్దె. పైన మూడు దూలాలు, వాటి మీద బండలు, మట్టి. దూలాలు మూడింటినీ కలుపుతూ కిందివైపు ఎవరో ఏటవాలుగా ఒక పట్టె కొట్టి ఉంచారు. సారుకు పాఠం అక్కడే దొరికింది. దూలాలు సమాంతర రేఖలు, పట్టె తిర్యగ్రేఖ. అది ఒక్కో దూలాన్ని దాటేచోట ఒకే వైపున్న కోణాలు, అంటే సదృశ కోణాలు, సమానంగా ఉంటాయి. ఏటా ఒక పిల్లవాణ్ణి టేబులు మీదికెక్కించి, నల్లబల్ల దగ్గరుండే పెద్ద చెక్క కోణమానినితో కొలిపించేవారు. ఏటా మూడు చోట్లా అరవై రెండే వచ్చేది.

ఆ ఏడు వానలు ముదిరాయి. పుస్తకాల మీద పైనుంచి సన్నగా మట్టి రాలేది. ఊదుకుని రాసుకునేవాళ్లం. సోమవారం నన్ను టేబులెక్కించారు. మూడో దూలం దగ్గర యాభై ఎనిమిది వచ్చింది.

"యాడ చూస్తాండావురా? మళ్లీ కొలువు."

మళ్లీ యాభై ఎనిమిదే. అదే చెప్పాను. దిగమని చెప్పి, అరచేతి మీద రెండు దెబ్బలు వేశారు. నాకు ఏడుపు కన్నా కోపం ఎక్కువ వచ్చింది. సాయంత్రం బడి వదిలేదాకా ఆ దూలం కిందే కూర్చున్నాం.

మరునాడు సారు ఎవరినీ పలకరించకుండా తానే టేబులెక్కారు. చాలాసేపు దిగలేదు. మూడో దూలం దగ్గర, మేకు చుట్టూ పట్టె కొత్తగా తెల్లగా చీలి ఉంది. ఆయన మా దిక్కు తిరగకుండానే మెల్లగా అన్నారు. "యాభై ఆరు. కోణాలు సమానం కాకపోతే రేఖలు సమాంతరం కావు. దూలం జరుగుతాంది. పుస్తకాలు తీసుకోండి. ఒక్కొక్కరే బయటికి నడండి. ఎవురూ పరిగెత్తొద్దండి."

గదికి తాళం వేసి, మమ్మల్ని వరండా అవతలి కొసన కూర్చోబెట్టారు. హెడ్మాస్టరు నవ్వారు. "ఆరు డిగ్రీలకు గది మూస్తావా ఏందప్పా?" గురువారానికి వాన జల్లు వరండాలోకి కొట్టింది. ఈసారి ఆయన నవ్వలేదు.

"పిల్లోళ్లు తడుస్తాండారు. తాళంచెవి ఇయ్యి."

"ఇయ్యను సార్."

"ఉద్యోగం పోతాది."

"పోనీండి సార్."

సారు తాళంచెవిని జేబులో వేసుకున్నారు. ఇంట్లో ముగ్గురు పిల్లలు, ఒక్క జీతం. అది మాకు తెలుసు. అయినా చలికి తట్టుకోలేక, ఆ తలుపు తీస్తే బాగుండునని నేనూ అనుకున్నాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

శుక్రవారం హెడ్మాస్టరు తాళం పగలగొట్టడానికి పలుగు తెప్పించారు. అది తెచ్చిన మనిషి ఇంకా గేటు దగ్గర ఉండగానే, మా లెక్కల పీరియడ్లోనే, గదిలో కర్ర విరిగిన చప్పుడైంది. వెనకే బండలు. తలుపు సందుల్లోంచి వచ్చిన మట్టి వరండా అంతా కమ్మేసింది. ఎవరికీ ఏమీ కాలేదు. హెడ్మాస్టరు గోడ పట్టుకుని నిలబడ్డారు.

సారు మమ్మల్ని మూడుసార్లు లెక్కపెట్టారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని అరచెయ్యి తిప్పి చూశారు. "నువ్వు సోమవారమే చెప్పినావు. నిన్ను కొట్టి, దినమంతా దాని కిందే కూర్చోబెట్టినా."

ఊరంతా ఆయన్ని మెచ్చుకుంది. ఆయన మాత్రం ఆ సోమవారాన్ని వదల్లేదు. నా పెళ్లికి వచ్చి పందిట్లో నా భార్యతోనూ అదే చెప్పారు. ఆ తర్వాత ఆయన చేతిలో బెత్తం ఎవరూ చూడలేదు. మేమంతా ఈనాడు ఉన్నామంటే ఆయన వల్లే. ఆ మాట ఆయన బతికుండగా సూటిగా చెప్పలేకపోయాను.

బుధవారం చర్చి నిండిపోయింది. పాదిరిగారు "ప్రార్థన చేద్దాం" అనగానే అందరూ కళ్లు మూసుకుని తలలు వంచారు. నేను వంచలేకపోయాను. పైన దూలాలున్నాయి. ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. కాసేపటికి కళ్లు దించితే, వంగిన తలల మధ్య అక్కడొకరు ఇక్కడొకరుగా మా తరగతివాళ్లు కనిపించారు. అందరూ మొహాలు పైకెత్తి కప్పునే చూస్తున్నారు.