తేనె బొట్టు అంటిన పేజీలు

లలితాంబకు పుస్తకాలు పొట్లాల దగ్గర దొరికాయి. నందిగామలో ఆమె పుట్టింటివారిది కిరాణా కొట్టు. ఆ రోజుల్లో మిరియాలైనా జీలకర్రైనా కాగితంలో పొట్లం కట్టే ఇవ్వాలి గనక, తండ్రి ఉమాకాంతం పాత పుస్తకాలు తూకానికి కొనేవాడు. ఆయనకొక అలవాటుండేది. ప్రతి పుస్తకాన్నీ ముందు కళ్ళకద్దుకుని, ఆ తర్వాతే చింపేవాడు. అద్దుకోవడానికీ చింపడానికీ నడుమ ఉన్న ఆ కాస్త సందులో లలితాంబ చెయ్యి చాచేది. కథల పుస్తకాలైతే ఆమెకు అక్కర్లేదు. పురుగులు, చేపలు, నక్షత్రాలు, సముద్రం అడుగుకి దిగినవాళ్ళు, కుక్కల బళ్ళ మీద మంచుదేశాలు దాటినవాళ్ళు... ఇలాంటి బొమ్మ కంటపడితే చాలు, "నాన్నా, ఇది నాకు" అనేది. ఆయన ఇచ్చేసేవాడు. ఆ పూటకి కాగితం చాలకపోతే నిరుటి పంచాంగం చింపుకునేవాడు.

పదో తరగతితో చదువు ఆగిపోయింది. జగ్గయ్యపేటలో పూజాసామాన్ల కొట్టున్న శ్రీమన్నారాయణకిచ్చి పెళ్ళి చేశారు. సారెతో పాటు గోనెసంచుల్లో పుస్తకాలొస్తే, అత్తవారు ఇత్తడి సామాననుకుని సంబరపడ్డారట. ఆ మాట ఇప్పటికీ ఇంట్లో తలుచుకుని నవ్వుకుంటారు.

కొట్లో కర్పూరం డబ్బాల వెనక ఒక గోడ బీరువా ఆ పుస్తకాలదయింది. అడిగినవాళ్ళకల్లా చదువుకోమని ఇస్తుంది. పక్కనే బట్టల కొట్టు పెట్టుకున్న కిషోర్‌బాబు రోజూ షట్టరెత్తుతూ, "అమ్మా, అడవి తెరిచారా?" అంటాడు. "తెరిచాను నాయనా. ఏనుగొకటి నీ కొట్టువైపే వస్తోంది, చూసుకో" అంటుందీవిడ. అంతటితో ఇద్దరికీ బేరాలు మొదలైనట్టు.

అందరికంటే ఇష్టంగా చదివేది ప్రేమదాసు. చిల్లకల్లు రోడ్డులో అతని ఇల్లు. ట్రాలీ ఆటోలో కొట్లకి సరుకు వేస్తుంటాడు. చదువు తక్కువే, పెదాలు కదుపుతూ, వేలు పెట్టుకుని నెమ్మదిగా చదువుతాడు. మంచుదేశాల పుస్తకం మాత్రం మే నెలలోనే అడుగుతాడు. మిగతా నెలల్లో ఇవ్వబోతే, "ఇప్పుడెందుకండీ, దండగ. ఎండలు ముదిరాక ఇవ్వండి, ఫ్యాను పనుండదు" అంటాడు. చదివినదాన్ని దాచుకోడు. బస్టాండు దగ్గర టీ తాగుతూ నలుగురికీ చెబుతాడు. వినేవాళ్ళు ఎగతాళి చేస్తారు, చేస్తూనే వింటారు.

లలితాంబ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది పుస్తకాలొక్కటే కాదు, ఒక ఆచారం కూడా. దసరాల్లో మూలా నక్షత్రం రోజున పుస్తకాలన్నీ అమ్మవారి ముందు పెడతారు కదా. ఆమె పుట్టింట్లో పసుపు కుంకుమలతో సరిపెట్టేవారు కాదు. చదువు తియ్యగా ఒంటబట్టాలని, ఏదో ఒక పుస్తకాన్ని నడిమికి తెరిచి, దర్భకొనతో ఒక్క తేనె బొట్టు పెట్టేవారు. ఏటికో పుస్తకం. తేనె పడిన చోట పేజీలు అంటుకుపోతాయి. వాటిని విడదీయకూడదు, అమ్మవారు ఎంగిలి చేసిన చోటు అది. చదివేటప్పుడు ఆ రెండు పేజీలనీ ఒక్కటిగా తిప్పేసి ముందుకు పోవడమే. లలితాంబ అలాగే తిప్పేది. చదవడానికి తీసుకెళ్ళేవాళ్ళకీ అదే చెప్పేది: "అంటుకున్నవి లాగకండి, ప్రసాదం." ప్రేమదాసు చర్చికి వెళ్ళే మనిషైనా ఆ మాట తూచా తప్పకుండా పాటించేవాడు. పెద్దవిడ నమ్మకం, మనకేం పోయిందనేవాడు.

మొన్న కార్తీకమాసంలో ఒక పొద్దున అతను కొట్లోకొచ్చాడు. ఆ వారం తీసుకెళ్ళిన పాముల పుస్తకం చంకలో ఉంది. మొహం వెలిగిపోతోంది. సంగతేమిటంటే, తెల్లవారి వాళ్ళింట్లో బియ్యం డ్రమ్ము వెనక చారల పాము కనపడింది. ఇరుగుపొరుగు కర్రలతో వచ్చారు. ప్రేమదాసు అడ్డం నిలబడి, ఇది కట్లపాము కాదు, కట్లపాములా ఉండే మెత్తటి పాము, పుస్తకంలో బొమ్మ చూశాను, దీనికి విషం లేదు, దేవుడి సృష్టిని ఊరికే చంపకూడదు అని చెప్పాడు. తువ్వాలుతో పట్టి సంచిలో వేసుకుని, వాగుపక్క తుప్పల్లో వదిలేసి వచ్చాడు. వదిలేటప్పుడు వేలి మీద చిన్నగా పట్టింది, చీమ కుట్టినంత. వాపు లేదు, నొప్పి లేదు.

లలితాంబకు కడుపు నిండినట్టయింది. ఎన్నేళ్ళుగానో ఇస్తున్న పుస్తకాలు, ఇవాళ ఒక ప్రాణిని కాపాడాయి. మనసులోనే అమ్మవారికి దణ్ణం పెట్టుకుంది. కూర్చోమని స్టూలు జరిపి, ఫ్లాస్కులో టీ పోసిచ్చింది.

అతను టీ సగం తాగి గ్లాసు పక్కన పెట్టాడు. మింగుడు పడటం లేదన్నాడు. పొద్దున్నించీ కడుపులో తిప్పుతోందనీ, ఒక మనిషి ఇద్దరుగా కనపడుతున్నాడనీ చెప్పాడు. చెబుతుంటే మాట ముక్కులోంచి వస్తున్నట్టుంది.

"ఎందుకో కళ్ళు మూతలు పడుతున్నాయమ్మగారూ. రాత్రి నిద్ర చాల్లేదు. ఇంటికెళ్ళి కాసేపు పడుకుంటా."

ఆమె అతని మొహంలోకి చూసింది. నవ్వుతున్నాడు, కానీ రెప్పలు సగానికి దిగి అక్కడే నిలిచిపోయాయి. ఎత్తుదామని నుదురు చిట్లిస్తున్నాడు, అవి లేవడం లేదు.

పుస్తకం తీసుకుని ఆ పేజీ తెరిచింది. చారల పాము బొమ్మ, కింద విషం లేదన్న మాట. ఆ తర్వాత అట్టడుగున, అప్పటిదాకా ఎన్నడూ పట్టించుకోని చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: దీనికీ కట్లపాముకీ గల తేడాలు వెనక పేజీలో. వెనక పేజీ లేదు. తేనె గట్టిపడి, పసుపు రంగు తిరిగి, తరవాతి కాగితంతో ఒకటైపోయి ఉంది. ఏ దసరాకి పెట్టిందో ఆమెకే గుర్తు లేదు. అంతకుముందు చిన్నప్పుడు చదివే ఉంటుంది, అదీ గుర్తు లేదు.

బొటనవేలి గోరు దూర్చి లాగింది. పుట్టి బుద్ధెరిగాక అమ్మవారి తేనె పేజీని విడదీయడం అదే మొదలు. కాగితం పరపరమని చిరిగింది. బొమ్మ సగం ఇటు, సగం అటు. అయినా కనపడింది. కట్లపాముకి మెడ దగ్గర చారలుండవు. సన్నటి తెల్లచారలు జంటలు జంటలుగా, తోక దాకా.

"ప్రేమదాసూ, చారలు ఎక్కడ్నించి ఉన్నాయి?"

"మెడ దగ్గర ఏం లేవండి. కిందికొచ్చేకొద్దీ తెల్లగా, జతలు జతలుగా... అందంగా ఉందండి."

లలితాంబ కిషోర్‌బాబుని పిలిచిన పిలుపు వీధి వీధంతా విన్నది. అతను చీరలు పరిచిన బేరాన్ని అలాగే వదిలేసి కారు తీశాడు. ఎవరూ అడక్కుండానే, ఎదురుగా జామకాయల బండి పెట్టుకునే ముసలాయన నడిరోడ్డు మీదికొచ్చి చేతులు చాపి లారీని ఆపి దారిచ్చాడు. ఊళ్ళో ఆసుపత్రిలో డాక్టరమ్మ రెప్పలు చూస్తూనే కట్లపామంది, ఈవిడ పుస్తకం తెరిచే పనే లేకపోయింది. విషానికి విరుగుడు మందు సెలైన్లో ఎక్కించింది. ఇంటికెళ్ళి పడుకుని ఉంటే నిద్రలోనే పోయేవాడని చెప్పింది. శ్వాస తగ్గుతోంది, విజయవాడ తీసుకెళ్ళాలని గొంతులో గొట్టం వేసి అంబులెన్సు ఎక్కించారు.

అతని భార్య రత్నమణి కూలిపని మధ్యలోంచి మట్టిచేతులతో వచ్చింది. ఆడమనిషి ఒక్కతే ఎలా వెళుతుందని లలితాంబ కూడా ఎక్కింది. అంబులెన్సులో ఉన్న కుర్రవాడు గాలిసంచిని పిసుకుతూనే ఉన్నాడు. చిల్లకల్లు దాటింది, నందిగామ దాటింది, ఆ చెయ్యి ఆగలేదు. మధ్యలో ఒకసారి తల తిప్పి, "పెద్దమ్మా, ఆ సీసాలో నీళ్ళున్నాయి, ఆవిడ చేత తాగించండి" అన్నాడు. రత్నమణి కొంగు తల మీదికి లాక్కుని ప్రార్థన చేస్తోంది. పరిటాల దగ్గర ఆంజనేయస్వామి కిటికీ నిండా కనపడ్డాడు. లలితాంబ ఎప్పుడు ఆ దారిన వెళ్ళినా అక్కడ చేతులు జోడించి ఏదో ఒకటి కోరుకునేది. ఇప్పుడూ చేతులు జోడించింది. స్వామీ, ఇతన్ని కాపాడు అని అడగాలంటే, ఎవరి నుంచి అని ఆయన అడిగితే ఏం చెప్పాలి?

రత్నమణికి చెప్పాలనుకుంది. ఆ మొహం చూసి చెప్పలేకపోయింది.

ప్రేమదాసు ఊపిరి మిషను మీద ఉన్నన్నాళ్ళూ శ్రీమన్నారాయణ క్యారేజీ పట్టుకుని విజయవాడ బస్సెక్కేవాడు. మాటకారి కాదాయన. రత్నమణి చేతిలో క్యారేజీ పెట్టి, ఆమె తినేదాకా వరండాలో నిలబడి, ఖాళీ గిన్నెలు తీసుకొచ్చేవాడు. ఇక్కడ వీధిలో మాటలు మొదలయ్యాయి. ఆవిడ పుస్తకం చదివే పాముని పట్టాడట అని ఒకరు, కర్పూరం, కుంకుమ అమ్ముకునేవాళ్ళకి పాముల సంగతెందుకని ఒకరు. లలితాంబ గోడ బీరువాకి దుప్పటి కప్పేసింది. కిషోర్‌బాబు షట్టరెత్తేటప్పుడు అడవి మాట ఎత్తడం మానేశాడు. దీపం పెట్టేటప్పుడు అమ్మవారి మొహంలోకి చూడటం ఆమెకు కష్టమైంది. నీకు పెట్టిన తేనే కదమ్మా అని నోటిదాకా వచ్చేది. వెంటనే, ఆ పేజీ చూడొద్దని అమ్మవారు ఎప్పుడు చెప్పింది, చెప్పింది నేను కదా అనిపించేది.

భర్తకు మాత్రం అంతా చెప్పింది. ఆయన చాలాసేపు విభూతి పళ్ళెం తుడుస్తూ కూర్చుని, "అతనికి చెప్పకు లలితా. అమ్మవారి తేనె వల్లనంటే అమ్మవారికి మాటొస్తుంది" అన్నాడు.

"మాట రావలసింది అమ్మవారికి కాదండీ, నాకు."

"పోనీ పుస్తకాలు తూకానికిచ్చేద్దామా?"

తూకానికివ్వడం దేనికి, తనే చింపేద్దామని చూసింది. పాముల పుస్తకం తీసి, తండ్రిలాగే కళ్ళకద్దుకుంది. చింపడానికి వేళ్ళు బిగించి ఆగిపోయింది. అతనికి చెప్పకుండా చింపితే చేసిన తప్పుని కూడా పొట్లం కట్టేసినట్టే.

ప్రేమదాసు బతికాడు. ముందు ఒక కన్ను, తర్వాత రెండోది తెరిచాడట. ఇంటికి తీసుకొచ్చిన మర్నాడు లలితాంబ పుస్తకం కొంగులో చుట్టుకుని చిల్లకల్లు రోడ్డుకి వెళ్ళింది. అతను మంచం మీద దిండుకానుకుని ఉన్నాడు. గొట్టం వేసిన గొంతు ఇంకా బొంగురుగా ఉంది, మనిషి సగమయ్యాడు. రత్నమణి కుర్చీ వేసింది. లలితాంబ కూర్చోకుండా నిలబడే చెప్పింది. తేనె ఎందుకు పెడతారో, పేజీలు ఎందుకు విడదీయరో, వెనకేముందో, అంతా. పుస్తకం తెరిచి చిరిగిన చోటు చూపించింది.

 ప్రేమదాసు ఆ బొమ్మ వైపే చూస్తున్నాడు.

"అక్కడ ఏదో ఉందని మీకు తెలుసు కదా అమ్మగారూ" అంది రత్నమణి. గొంతు పెంచలేదు. "దేవుడిదని ఊరుకున్నారా?"

"ఊరుకున్నానమ్మా."

రత్నమణి లోపలికి వెళ్ళిపోయింది. గిన్నెల చప్పుడు వినపడింది. లలితాంబకు వెళ్ళిపోవాలో ఉండాలో తెలియలేదు. ప్రేమదాసు బొంగురు గొంతుతో, "లాగొద్దన్నది మీరే అయినా, మానేసింది నేనే కదండీ" అన్నాడు. ఆ మాట ఆమెకు ఊరటనివ్వలేదు. ఇంకాస్త లోతుగా దిగింది.

రత్నమణి మంచినీళ్ళ గ్లాసుతో తిరిగొచ్చింది. అలిగిన మొహంతోనే ఇచ్చి, తను కింద చాప మీద కూర్చుంది.

"ఆ పేజీ నాకు చూపించండి. నాకు చదువు రాదు. ఆ డ్రమ్ము దగ్గర రోజూ బియ్యం తీసేది నేను. చారలు ఎక్కడ మొదలవుతాయో నాకు తెలియాలి."

లలితాంబ కూడా చాప మీద కూర్చుంది. చిరిగిన రెండు సగాలనీ దగ్గరికి జరిపి, వేలు పెట్టి చూపించింది. ఇది మెత్తటి పాము, చారలు మెడ నుంచే మొదలై తోకవైపు మాసిపోతాయి. ఇది కట్లపాము. ఇక్కడేమీ ఉండదు. ఇక్కణ్ణుంచి జంటలు. రత్నమణి వేలు ఆమె వేలి వెంటే నడిచింది. ఒకచోట కాగితం పూర్తిగా లేచిపోయి, నాలుగు వాక్యాల మేర తెల్లగా ఉంది.

"ఇక్కడేం రాసుంది?"

"తెలీదమ్మా. తేనెతో పోయింది."

"మరి అదే ముఖ్యమైతే?"

 ప్రేమదాసు చొక్కా జేబులోంచి బాల్‌పెన్ను తీసి చాచాడు. ఆమె ఆ తెల్లటి చోట రాసింది: ఇక్కడ చిరిగింది. చారల పాము ఏదైనా సరే, చేత్తో ముట్టుకోవద్దు. రాసి పైకి చదివి వినిపించింది.

"పెద్దక్షరాలతో రాయండి" అంది రత్నమణి. "ఈయనకు సగం సగం చదివే అలవాటు."

ప్రేమదాసు నవ్వబోయాడు, దగ్గొచ్చింది. రత్నమణి లేచి వీపు రాస్తూ నిలబడింది. లలితాంబ పెన్ను గట్టిగా పట్టుకుని, ఒక్కో అక్షరం మీదా మళ్ళీ మళ్ళీ దిద్దడం మొదలుపెట్టింది.