మూలన నిలబెట్టిన కర్ర

"అక్క పోయిందప్పా. పొద్దున గుండె ఆగిపాయ. సాయంత్రం మట్టి" అని మేడమ్ తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను ఎమ్మిగనూరు బస్టాండులో ఆదోని బస్సు కోసమే నిలబడి ఉన్నాను. ఆవేళ బుధవారం. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు వచ్చిన మొదటి ఆలోచన ఆవిడ గురించి కాదు. రేపు నాలుగింటికి ఆయన వస్తాడు, ఆయనకు ఎవరు చెప్పాలి అని.

ఆదోనిలో బట్టల దుకాణాల పైన, మేడ మీద రెండు గదులు. లోపలి గదిలో మేడమ్, బయటి గదిలో నేను. మనోవిశ్లేషణ అని బోర్డు పెడితే ఎవరూ రారని కౌన్సెలింగ్ అని రాయించింది. అయినా తాయెత్తు కట్టమని వచ్చేవాళ్ళు. "తాయెత్తు లేదు, కుర్చీ ఉంది, కూర్చో" అనేది. కూర్చున్నవాళ్ళు ఏళ్ల తరబడి వచ్చేవాళ్ళు.

పదకొండేళ్లు ఆవిడ దగ్గర పని నేర్చుకున్నాను. నాది దుడుకు. ఎదుటి మనిషి కల చెప్పడం పూర్తికాకముందే దాని అర్థం చెప్పేసేవాణ్ణి. "ఆ అర్థం నీకు నిద్ర పట్టనీకి పనికొస్తాదప్పా, ఆయనకు కాదు" అని వక్కపలుకు బుగ్గన పెట్టుకునేది. ఆవిడ లేకపోతే నేను ఊరికే సలహాలు చెప్పే మనిషిగా మిగిలేవాణ్ణి.

ఇంకో మాట పదేపదే చెప్పేది. "'నేనుంటా' అని ఎవురికీ సెప్పొద్దు. మనం మనుషులం. 'గురువారం నాలుగింటికి ఈ గది ఉంటాది' అని సెప్పు."

ఆ గురువారం నాలుగింటి మనిషి పెద్దకడుబూరు వైపు పత్తి రైతు. గుర్తుపట్టే వివరాలు మార్చాను. చిన్నప్పుడు ఆయన తండ్రి దసరాకు దేవరగట్టు కర్రల సమరానికి పోతూ, "తెల్లారేలోపల ఉంటా" అని చెప్పి పోయి, తలకు దెబ్బ తగిలి తిరిగి రాలేదు. పెద్దయ్యాక ఈయన ప్రతి దసరాకూ పోయేవాడు. తలకు నాలుగుసార్లు కుట్లు పడ్డాక భార్య పట్టుకొచ్చింది. ఏడాది పాటు పత్తి గురించి తప్ప మాట్లాడలేదు. ఒకరోజు అన్నాడట: "మా నాయన పడిన సోటనే నిలబడతా మేడమ్. ఎవుర్నీ కొట్టను. ఊరికే నిలబడతా."

ఆ మాట మేడమ్ నాతో చెప్పింది. "గుర్తు సేసుకోలేనిదాన్ని మనిషి మళ్ళా మళ్ళా సేస్తాంటాడు. ఈయన సావు దగ్గరికి పోయి సేస్తాండాడు" అంది. పోయినేడు ఆయన ఇనుప చుట్లు వేసిన తన కర్ర తెచ్చి లోపలి గది మూలన నిలబెట్టాడు. వచ్చేవాళ్ళ వస్తువులు ఉంచుకోకూడదు కదా అని నేను వాదించాను. "ఉంచుకోలేదప్పా. ఆయనే పెట్టినాడు, ఆయనే తీసుకుపోతాడు" అంది. ఆ దసరాకు ఆయన దేవరగట్టుకు పోలేదు.

ఆవిడ పోవడానికి ముందు గురువారం, ఆయన గడప దాటుతూ, "దసరాకు మీరు ఈడనే ఉంటారా మేడమ్?" అని అడిగాడు. "నేనుంటా, పోయిరా" అంది మేడమ్. నా చెవులతో విన్నాను. ఆయన మెట్లు దిగాక ఆవిడ నన్ను లోపలికి పిలిచింది. "నోరు జారిందప్పా. నన్ను కన్న మా అబ్బా గూడా లారీ ఎక్కి పోయి మళ్ళా రాలేదు. ఆపొద్దు నేను మా అబ్బాను అడగాల్సిన మాట ఈయన అడిగినట్లనిపించింది. వచ్చే వారం సరిసేయాల" అంది.

ఆ వచ్చే వారం నాలుగింటికి ఆయన చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. "మేడమ్ నిన్న పోయినారు" అని చెప్పాను. ఆయన ఆవిడ కుర్చీ వైపు చూస్తూ ఉండిపోయాడు. ఎంతసేపైనా నేను ఊరుకోవాల్సింది. భయమేసి, ఊరుకోలేకపోయాను.

"నేనున్నాను కదా" అన్నాను.

ఆయన నావైపు చూసి మెల్లగా నవ్వాడు. "మీరు గూడా అదే మాట సెప్తాండారా సార్?" అన్నాడు. భుజం మీది టవలుతో కర్రకు పట్టిన దుమ్ము తుడిచి తీసుకుని వెళ్ళిపోయాడు. ఒక్కో మెట్టుకూ ఇనుప చుట్లు తగిలి మోగడం కింది దాకా వినబడింది.

మర్నాడే ఫోన్ చేశాను. "నేనన్న మాట తప్పు. గురువారం నాలుగింటికి ఈ గది మాత్రం ఉంటుంది" అన్నాను. "సరే సార్" అని పెట్టేశాడు. మరుసటి గురువారం రాలేదు. ఆయన కర్రకు నూనె రాస్తున్నాడని నిన్న భార్య చెప్పింది. ఆయన్ను ఒంటరిగా వదలొద్దని ఆమెకూ, ఆయన అన్నకూ చెప్పాను.

ఈరోజు గురువారం. రేపు దసరా. మేడమ్ కుర్చీ కదపకుండా, తలుపు తెరిచిపెట్టి, ఇది రాస్తూ కూర్చున్నాను. కర్ర ఆనించిన చోట గోడ మీద నూనె మరక మనిషి భుజమంత ఎత్తున ఉంది. నాలుగు దాటి ఇరవై నిమిషాలైంది. మెట్ల మీద పై అంతస్తుకు ఎవరో ఒకరు ఎక్కుతూనే ఉన్నారు. ఇంతవరకూ ఇనుము మోగలేదు.