గోలు కర్రను తిట్టిన మావ

మావ పోయాడన్న కబురు ఆదివారం పొద్దున వచ్చింది. ఆమదాలవలసలో నా కొట్టు షట్టరు ఎత్తుతుంటే ఫోను మోగింది. మా ఊరి ఫుట్‌బాల్ టీము ప్రెసిడెంటు. "మావ నిద్దట్లోనే ఎల్లిపోనాడ్రా" అని కాసేపు ఏడ్చి, ముక్కు చీదుకుని, "సాయంత్రం ఆట ఆపేసినాం" అన్నాడు. మావ ఉండుంటే, మేనేజిమెంటు ఇన్నాళ్లకు ఒక మంచి నిర్ణయం తీసుకుందని అనేవాడు. ఏడుస్తూనే నాకు నవ్వొచ్చింది.

ఆయన మా అమ్మకు తమ్ముడు. నౌపడ ఉప్పు మడులు దాటాక సముద్రం ఒడ్డున ఉంది మా ఊరు. మావకు ఒక పడవ, ఒక వల, ఆదివారాలు ఇసుకలో ఆడే మా టీము ఉండేవి. పడవా వలా అప్పుడప్పుడైనా ఆయన్ని సంతోషపెట్టేవి. టీము మాత్రం ఒక్కనాడూ పెట్టలేదు. ఆయన కోరిక పెద్దదేమీ కాదు. చచ్చేలోపు మన మీద ఒక్క గోలూ పడకుండా ఒక్క ఆట చూడాలి. గెలవకపోయినా ఫర్వాలేదు.

అది ఎందుకు తీరలేదో చెప్పాలి. మా గోల్‌కీపరు ప్రెసిడెంటు ఇల్లరికపుటల్లుడు. ఒడిశా వైపు రేవు నుంచి వచ్చాడు. మంచివాడు, పొడగరి. బంతి వస్తే మాత్రం కళ్లు మూసుకుంటాడు. అల్లుణ్ణి ఎండలో పరిగెత్తించడం మర్యాద కాదని ప్రెసిడెంటే గోల్లో నిలబెట్టాడు. మా ఊళ్లో ఒక ఇంటి అల్లుడు ఊరందరికీ అల్లుడే. పల్లెత్తు మాట అనకూడదు. ఎన్ని గోల్స్ పడ్డా "అల్లుడుగోరూ, ఎండగున్నాది, కాసింత మజ్జిగ తాగండి" అని గ్లాసు అందించాలి.

మావ మర్యాద తప్పే మనిషి కాదు. అలాగని నోరు మూసుకుని కూర్చునే మనిషీ కాదు. అందుకని గోలుకు పాతిన వెదురు కర్రను తిట్టేవాడు. దాని పక్కనే చేపల గంప బోర్లించుకుని కూర్చునేవాడు. గోల్ పడగానే లేచి, "ఒరే కర్రా! బంతొస్తంటే దేవుడికి దండం ఎడతన్నావేటి? తిన్న కూడు ఏటైపోతన్నాదిరా?" అని కడిగేసేవాడు. అల్లుడుగారు సముద్రం వైపు చూస్తూ నిలబడేవారు. టీముకు వాట్సాప్ గ్రూపు పెట్టాక ఇంకా సుఖమైంది. సోమవారం పొద్దున్నే కర్ర ఫోటో పెట్టి, దాని కింద వాయిస్ మెసేజీలో తిట్టేవాడు.

కర్ర అయ్యాక బ్యాకుల వంతు. వాళ్లు అల్లుళ్లు కారు కాబట్టి నేరుగానే పడేవి. గోల్ కొట్టినవాణ్ణి భుజాల మీద ఎత్తుకుని ఊరేగిస్తారని, వెనక ఉండాల్సినవాళ్లంతా ముందుకు ఉరికేవారు. "అందరూ పడవ ముందరికొచ్చి కూకుంటే ఎనక సుక్కానెవడు పడతాడ్రా?" అని అరిచేవాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "బంతిని సూడకు. దాన్నందరూ సూస్తారు. ఎనకాల ఖాళీని సూడు" అనేవాడు. కొట్టు పెట్టాక ఆ మాట నన్ను చాలాసార్లు కాపాడింది.

ఊరంతా వలలే గానీ మా గోలుకు వల ఉండదు. వల కట్టి, అందులో ఏమీ పడకూడదని కోరుకోవడానికి మా వాళ్లకు నోరు రాదు.

ఒకసారి మావ పంతం పట్టి మేనేజిమెంటుతో మాట్లాడతానని ప్రెసిడెంటు ఇంటికి బయల్దేరాడు. మేనేజిమెంటు అన్న మాట టీవీలో విని పట్టుకున్నాడు. నన్ను సాక్ష్యంగా తీసుకెళ్లాడు. గుమ్మంలోనే అల్లుడుగారు ఎదురొచ్చి కాళ్లకు నీళ్లిచ్చారు. ప్రెసిడెంటు కూతురు వంజరం పులుసు వడ్డించింది. మావ ముక్క వెనక ముక్క తిన్నాడు, చెయ్యి కడిగాడు, అల్లుడుగారి ఆరోగ్యం అడిగాడు, వచ్చేశాడు. దారిలో "మాటాడినావా మావా?" అన్నాను. "పులుసు బాగున్నాదిరా" అన్నాడు దిగులుగా.

ఆయన్ని సాగనంపిన రోజు అందరికన్నా వెనక నిలబడి ఏడ్చింది ఆ అల్లుడుగారే. తిరిగొస్తుంటే నా పక్కన నడుస్తూ, "కర్రని తిడతన్నాడని ఊరంతా నవ్వీవోరు. నన్నేనని నాకు తెల్దేటి?" అన్నారు. నాలుగడుగులేసి మళ్లీ ఆయనే అందుకున్నారు. "ఈ ఊరొచ్చిన కాడినుంచి అందరూ గోరూ, గోరూ అంటారు. మా ఊర్లో నన్ను కన్న బాబు తిట్టినట్టు తిట్టినోడు ఆయనొక్కడే బావా. ఆ తిట్టు ఇంటే ఇంటికాడున్నట్టుండీది."

నెల తిరిగాక మావ పేరు మీద ఆట పెట్టారు. పక్క ఊరి టీము దండ తెచ్చింది. మౌనం పాటించమన్నారు. ఆయన కోసం నోరు మూసుకుని నిలబడటం ఆయనకు నచ్చేది కాదని నాకనిపించింది. ఈ ఒక్కసారైనా గోల్ పడకూడదని ఊరంతా లోపల మొక్కుకుంది. ప్రెసిడెంటైతే బ్యాకుల్ని పేరుపేరునా పిలిచి, సగం గీత దాటొద్దని ఒట్టు వేయించుకున్నాడు.

ఆట మొదలైన కాసేపటికే బ్యాకులు ఒట్టు మరిచి ముందుకు ఉరికారు. బంతి ఖాళీలోంచి వచ్చి అల్లుడుగారి కాళ్ల మధ్య నుంచి దూరిపోయింది. అందరి కళ్లూ కర్ర పక్కనున్న ఖాళీ జాగా మీదే.

అల్లుడుగారు మెల్లగా కర్ర వైపు తిరిగారు. నడుం మీద చెయ్యి పెట్టి, అచ్చం మావ గొంతుతో, "ఒరే కర్రా! కళ్ళు మూసుకున్నావేట్రా? తిన్న కూడు ఏటైపోతన్నాదిరా?" అని అరిచారు. ఊరంతా ఘొల్లుమంది. నవ్వో ఏడుపో ఎవరికీ తెలియలేదు.

ఆ తర్వాత ఒక్క గోలూ పడలేదని రాయాలని ఉంది. ఇంకో రెండు పడ్డాయి. రెండుసార్లూ కర్ర తిట్లు తింది.

ఆట అయ్యాక ప్రెసిడెంటు అలవాటుగా మజ్జిగ తెచ్చాడు. అల్లుడుగారు సగం తాగి, మిగతాది గ్లాసుతో సహా కర్ర మొదట్లో ఇసుకలో కుదురుగా నిలబెట్టి, ఇంటికి నడిచారు.