మొన విరిగిన పెళ్లికత్తి

ఆ రోజుల్లో మా వైపు పెళ్లికొడుకును గుర్తుపట్టాలంటే మొహం చూడనక్కర్లేదు, చేతిలో కత్తి చూస్తే చాలు. నలుగు పెట్టింది మొదలు తలంబ్రాలు పోసేదాకా, మొనకు నిమ్మకాయ గుచ్చిన కత్తి అతని దగ్గర ఉండాల్సిందే. గాలీ ధూళీ సోకకుండా కాపాడుతుందని పెద్దల నమ్మకం. (పెళ్లయ్యాక కాపాడేది ఏదీ లేదు, అది వేరే సంగతి.) ఇప్పుడు వెండిరంగు పూసిన కత్తులు అద్దెకు దొరుకుతున్నాయి, పిల్లల ఆటబొమ్మల్లాగా. మా ఇంటిది అట్లాంటిది కాదు. మా పెదనాన్న ఇల్లందులో లారీల షెడ్డులో పనిచేసేటప్పుడు, లారీ బరువు మోసే కమాను పట్టీ విరిగితే, ఆ ముక్కను కొలిమిలో కాల్చి, తన చేత్తో సాగగొట్టి చేసుకున్న కత్తి. నేను చూసేనాటికి జానెడుండేది. ఆయన పోయాక పెద్దమ్మ దాన్ని తన పట్టుచీర మడతలో పెట్టి దాచింది. వాళ్లకు ఒక్కడే కొడుకు, మా అన్న. "వీని పెండ్లినాడు వాళ్ల నాయిన పక్కనుండడు. కత్తన్న ఉంటది" అనేది.

అట్లాంటి కత్తికి నన్ను కాపలా పెట్టారంటే మావాళ్ల ధైర్యాన్ని మెచ్చుకోవాలి. ఎనిమిదో తరగతిలోనే నేనూ బడీ ఒకరికొకరం దండం పెట్టుకుని విడిపోయాం. మా వైపు అప్పుడప్పుడే సెల్‌ఫోన్లు మోగుతున్న కాలం, నాకు పంతొమ్మిదేళ్లు. విప్పడం వస్తే బాగుచేయడం వచ్చినట్టేనని నమ్మే వయసు. (మా ఊరి రేడియోలు మూడు నా చేతుల్లోనే కన్నుమూశాయి.) తోడుపెళ్లికొడుకునని పేరే గానీ, అన్న స్నానానికో అన్నానికో పోయినప్పుడు కత్తి పట్టుకుని నిలబడటమే నా పని.

పెళ్లి చండ్రుగొండ దగ్గర, వదిన వాళ్ల ఊళ్లో. మే నెల. విడిది ఇంట్లో ఒక్కటే టేబుల్ ఫ్యాను, అదీ మేం దిగిన గంటకే ఆగిపోయింది. అన్న మొహానికి పూసిన పౌడరు చెమటకు కరిగి మెడ మీద తెల్లగా కాలువలు కట్టింది. నాలోని మెకానిక్ ఊరుకుంటాడా? స్క్రూడ్రైవర్ లేదు, కత్తి ఉంది. నిమ్మకాయ తీసి పక్కన పెట్టి, మొనను స్క్రూ గాడిలో పెట్టి తిప్పాను. మొదటి స్క్రూ వచ్చింది. రెండోసారి స్క్రూ రాలేదు, కత్తి మొన వచ్చింది.

అన్న ముందు ముక్కను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. "అమ్మకేం చెప్తవ్ రా?" అన్నాడు. మొండి కత్తికి నిమ్మకాయ గుచ్చబోతే దిగలేదు, చితికి రసం కారింది. ముహూర్తానికి ఇంకో గంట. పెద్దమ్మ పక్క గదిలోనే ఉంది. ఆమె తిట్టే మనిషైతే నాకంత భయం ఉండేది కాదు. చప్పుడు చేయకుండా ఏడ్చే మనిషి.

పెరట్లోకి పరుగెత్తి, బట్టలుతికే బండ మీద నీళ్లు చల్లి, కొత్త మొన తీద్దామని నూరడం మొదలుపెట్టాను. గరగర చప్పుడుకు వదిన నాయనమ్మ చేతికర్ర ఊతంగా వచ్చి నిలబడింది. "ఏంది బిడ్డా, పెండ్లినాడు కత్తి నూరుతున్నవ్? ఎవరి మీదికి?" అని అడిగింది. నోటికొచ్చింది చెప్పడంలో నేనెప్పుడూ ఫెయిల్ కాలేదు. "మా ఇంటి ఆచారం అవ్వా. ఆడపిల్లోళ్ల బండ మీద నూరితేనే కత్తికి బలం" అన్నాను. ముసలామె తలూపి వెళ్లిపోయింది. గండం గడిచిందనుకున్నాను. ఐదు నిమిషాల్లో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, పదిమంది ముత్తైదువలతో తిరిగొచ్చింది. బండకు బొట్లు పెట్టారు. ఒకామె పాటెత్తుకుంది. వదిన మేనమామ వచ్చి, సంగతి ముందే చెప్పుంటే కొత్త బండ తెప్పించేవాళ్లం కదా అని నొచ్చుకున్నాడు. డప్పులవాళ్లను కూడా పిలిపించాడు. నేను నూరుతూనే ఉన్నాను, ఆపితే ఏం చేయాలో తెలియక.

ఆ డప్పులకు పెద్దమ్మ రానే వచ్చింది. ఇట్లాంటి ఆచారం తామెక్కడా చూడలేదని, ఎప్పటినుంచి ఉందని నాయనమ్మ ఆమెనే అడిగింది. పెద్దమ్మ నా చేతిలోకి చూసింది. తగ్గిన పొడవును చూసింది. డప్పులు నిజంగానే ఆగాయో, నా చెవులే పనిచేయడం మానేశాయో ఇప్పటికీ చెప్పలేను.

"అవ్, మా ఇంట్ల మొదట్నుంచి ఉన్నదే" అంది పెద్దమ్మ.

అందరూ వెళ్లాక ఆమె బండ మీద కూర్చుని, కత్తి తీసుకుని, మొన మీద బొటనవేలు రాసి చూసింది. ఫ్యాను కథ ఎత్తుకోబోతే చెయ్యెత్తి ఆపింది.

"ఇది చేసిననాడు జానెడున్నర ఉండె. మా పెండ్లిల మీ పెద్దనాయిన దీనితోని ముంజలు కొట్టి ఇరగ్గొట్టిండు. మీ నాయిన బెల్లం దిమ్మ మీద. మీ చిన్నాయిన ట్రంకుపెట్టె తాళంల. వాళ్లు గూడ గిట్లనే దొంగచాటుగ నూరిన్రు." కళ్లు తుడుచుకుంటూనే నవ్వుతోందని అప్పుడు గమనించాను. "వీని పెండ్లికి ఎవ్వడు ఇరగ్గొడ్తడా అని పొద్దటి సంది చూస్తున్న. ఇంతకూ ఫ్యానన్న తిరుగుతుందా?"

తిరగలేదు. అన్న చెమటలు కక్కుతూనే పీటల మీద కూర్చున్నాడు, పొట్టి కత్తితో, కొత్త నిమ్మకాయతో. పెద్దమ్మ అతని చేతినే చూస్తూ నిలబడింది, ఏడవలేదు. (వదిన వాళ్ల ఊళ్లో ఇప్పటికీ మగపెళ్లివారు దిగితే బండ కడిగి బొట్టు పెడతారట. ఎందుకో వాళ్లలో ఎవరికీ తెలియదు. నేను చెప్పలేదు.)

పెద్దమ్మ పోయి కొన్నేళ్లయింది. కత్తి ఇప్పుడు నా దగ్గరుంది. ఎవరింట్లో పెళ్లయినా వచ్చి అడుగుతారు. నేను మీసం సవరించుకుని, పెద్దల వస్తువని, పైలంగా వాడాలని, మొనకేమన్నా అయితే ఊరుకోనని గంటసేపు ఉపన్యాసం ఇచ్చి గానీ చేతికివ్వను. మొన్న భద్రాచలంలో మేనల్లుడి పెళ్లికి తీసుకుపోయి, నాలుగో రోజు తెచ్చిచ్చారు. వెలుతురుకు పెట్టి, వేళ్లతో కొలిచి చూశాను. గోరంత కూడా తగ్గలేదు. పెళ్లి ఎట్లా జరిగిందని అడిగాను. చాలా బాగా జరిగిందన్నారు.

నాకైతే నమ్మకం కుదరలేదు.